నూట పదహారో పేజీ

కనకవల్లికి కోపం ముక్కు మీదే ఉంటుందని వాళ్ళాయన వీరభద్రరావు అంటూ ఉంటాడు. అది శుద్ధ అబద్ధం. ముక్కు దాకా రావడానికి ఎంత లేదన్నా రెండు నిమిషాలు పడుతుంది. ఆ రోజు మాత్రం ఆ రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

సంగతేమిటంటే, కువైట్‌లోని సాల్మియాలో వాళ్ళు పద్దెనిమిదేళ్ళుగా కాపురముంటున్న బిల్డింగుని పడగొట్టి కొత్తది కడతారట. అక్టోబరు ఆఖరుకి ఖాళీ చెయ్యమని ఓనరు రెండు నెలల గడువిచ్చాడు. వీరభద్రరావు ఊరంతా గాలించి ఫర్వానియాలో ఒక ఇల్లు చూసొచ్చాడు. రెండు గదులు, ఒక మనిషి లోపలికెళ్తే ఇంకో మనిషి బయటికి రావాల్సిన వంటిల్లు. ఆఫీసుకి దగ్గరంటే సరేననుకుంది.

"బీరువాలు రెండూ అందులో పట్టవు వల్లీ. ఆ పుస్తకాల సంగతేదో చూసుకో," అన్నాడాయన, చపాతీ తుంపుకుంటూ.

"చూసుకోవడం అంటే?"

"ఎవరికన్నా ఇచ్చెయ్. ఎవరూ తీసుకోకపోతే కింద బల్దియా డబ్బా ఉండనే ఉందిగా."

బల్దియా డబ్బా అంటే ఊళ్ళో చెత్తంతా ఎత్తుకుపోయే మునిసిపాలిటీ డబ్బా. ఆ మాట అన్నాక వీరభద్రరావుకి రెండో చపాతీ రాలేదు.

ఆవిడ కోపంలోనూ న్యాయం ఉంది. ఆ రెండు బీరువాల్లో నాలుగు వందల పన్నెండు తెలుగు పుస్తకాలున్నాయి. ప్రతి సెలవులకీ విజయవాడ వెళ్ళి వచ్చేటప్పుడు ముప్పై కిలోల సామానులో ఆవకాయకి ఇన్ని, అప్పడాలకి ఇన్ని అని తూకం వేసుకుని, చీరలు మానుకుని మరీ పుస్తకాలు తెచ్చింది. విమానాశ్రయంలో బరువెక్కువైందంటే జాడీ తీసి అన్నగారి చేతిలో పెట్టింది గానీ పుస్తకం తియ్యలేదు. అలాంటిది చెత్తడబ్బాలో వెయ్యమంటాడా?

"ఒక్కటంటే ఒక్కటి డబ్బాలో పడదు. రెండు నెలల్లో ప్రతి పుస్తకం చదివేవాళ్ళ చేతిలోనే పెడతాను. పెట్టకపోతే నా పేరు కనకవల్లే కాదు!"

మరునాడే ఎదురింటి అరుణజ్యోతిని అడిగింది. "అయ్యో వదినా, మా పిల్లలకి తెలుగు చదవడం రాదు, మాకా తీరిక లేదు. పోనీ నాలుగు లావుపాటివి ఇవ్వండి, టీవీ కింద ఎత్తుకి పెట్టుకుంటాం," అంది ఆ మహాతల్లి. కనకవల్లి ఆ రోజు నుంచి ఆవిడతో లిఫ్టులో కూడా మాట్లాడలేదు. తెలిసిన ఇళ్ళన్నీ తిరిగితే తేలిందేమిటంటే, పుస్తకాలంటే అందరికీ గౌరవమే, చోటు మాత్రం ఎవరింట్లోనూ లేదు.

అప్పుడు కూతురు నిత్య, పన్నెండో తరగతి పిల్ల, ఒక ఉపాయం చెప్పింది. "ఇన్‌స్టాలో పేజీ పెడదామమ్మా. కువైట్‌లో తెలుగు చదివేవాళ్ళు ఎక్కడున్నా వాళ్ళే వస్తారు."

పెట్టారు. నిత్య పుస్తకం పక్కన కాఫీ కప్పు పెట్టి, కప్పు పక్కన ఎండిన పువ్వొకటి పడేసి ఫొటో తీసేది. కనకవల్లి దాని కింద పుస్తకం గొప్పతనం గురించి ఇరవై లైన్లు రాసేది. మూడు వారాలకి నలభై ముగ్గురు చేరారు. అందులో ఇరవై తొమ్మిది మంది చుట్టాలు, ఒకడు ఇన్సూరెన్సు వాడు.

ఒక రోజు కాఫీ పొడి అయిపోయి, కప్పుకి బదులు ఫొటోలో గోంగూర పచ్చడి జాడీ పడింది. ఇంకేముంది, పేజీ దద్దరిల్లిపోయింది! ఒక్క రోజులో తొమ్మిది వేల మంది చూశారు. "అక్కా, పచ్చడి అమ్ముతారా?" "ఎండుమిర్చా, పచ్చిమిర్చా?" "సాల్మియాలో డెలివరీ ఉందా?" పుస్తకం పేరడిగిన పాపాన పోయినవాడు లేడు.

"అమ్మా, వారానికోసారి పచ్చడి పెడదాం. ఫాలోవర్లు వాళ్ళంతట వాళ్ళే పెరుగుతారు," అంది నిత్య ఆశగా.

"గోంగూర కోసం వచ్చినవాడికి గోంగూరే ఇవ్వాలి. నా దగ్గరున్నది పుస్తకాలు," అని ఆ ఫొటో తీసేయించింది కనకవల్లి. తీసేయించి, ఆ మంట మీదే ఫోను చేతిలోకి తీసుకుని లైవ్ పెట్టి, బీరువాలోంచి చేతికందిన నవల లాగింది. ఎక్కడ తెరవాలో తోచలేదు. మనవాళ్ళకి ఏ శుభకార్యానికి చదివించినా నూట పదహార్లే కదా అని, నూట పదహారో పేజీ తెరిచి పైనుంచి కింది దాకా గట్టిగా చదివేసింది. పేజీ అయిపోగానే, వాక్యం సగంలో ఉండగానే, పుస్తకం మూసి, "ఇవాళ్టికి ఇంతే!" అంది. ఇంగ్లీషు స్కూల్లో పిల్లలకి తెలుగు చెప్పి చెప్పి గట్టిపడిన గొంతు. ఎక్కడ ఏడవాలో అక్కడ ఏడిచింది, ఎక్కడ తిట్టాలో అక్కడ తిట్టింది.

ఆ పేజీలో ఒక కొత్త కోడలు అత్తతో తగువాడి అర్ధరాత్రి బావి గట్టెక్కుతుంది. అక్కడికి పేజీ అయిపోయింది.

పొద్దున్నే ఒక వాయిస్ మెసేజి వచ్చింది. "మ్మా, నా పేరు తిరుపాలమ్మ. మాది రాయచోటి పక్కన. ఈడ ముబారక్ అల్ కబీర్‌లో అరబ్బోళ్ళింట్లో పంజేస్తాండా. ఆ పిల్ల బావి గట్టు మీద నిలబడె గదా, దూకెనా ల్యాదా? అది చెప్పకుండా ఎట్ల ఆపితివిమ్మా? మా మామా, అదే మా ఇంటి అరబ్బామె, బట్టలు ఇస్త్రీ జేస్తా విన్న్యా. నీ పుణ్యాన ఆయమ్మ అబాయా కాల్చిండేదాన్ని!"

కనకవల్లి ఆ మెసేజి ఏడుసార్లు విన్నది. ఎనిమిదోసారి వీరభద్రరావుకి వినిపించింది. ఆయన "మరి దూకిందా?" అని అడిగితే, "చదువుకోండి," అంది గర్వంగా.

అప్పటినుంచి రోజుకొక పేజీ. ఏ పుస్తకమైనా నూట పదహారో పేజీయే, సగంలో ఆగినా ఆగడమే. కాఫీ కప్పులు పోయాయి, ఎండిన పువ్వులు పోయాయి. ఒకసారి కెమెరాకి వేలు అడ్డం పెట్టి చదివినా ఒక్కరూ పట్టించుకోలేదు. ఎందుకంటే వినేవాళ్ళెవరూ ఫోను వంక చూడరు. ఫోను జేబులో, తీగ చెవిలో, చేతులు పనిలో. హోటల్లో ఉల్లిపాయలు తరిగేవాళ్ళు, స్కూలు ముందు కారాపి పిల్లల కోసం కాచుకునే డ్రైవర్లు, గిన్నెలు కడిగేవాళ్ళు, మిర్కాబ్ ఆఫీసుల్లో టీలందించేవాళ్ళు. "తర్వాతేమైందమ్మా?" అని అందరిదీ ఒకటే గోల. ఆరో వారానికి పేజీలో రెండు వేల నాలుగు వందల మంది చేరారు. తిరుపాలమ్మ అయితే రోజూ మెసేజి పెట్టేది. కథలో మొగుళ్ళని తిట్టేది, అత్తల్ని తిట్టేది, పేజీ చిన్నదైతే కనకవల్లిని కూడా తిట్టేది.

ఇక గడువు మూడు వారాలుందనగా కనకవల్లి ప్రకటించింది. "ఈ శుక్రవారం నాలుగింటికి మా ఇంటికి రండి. ఎవరికి నచ్చిన పుస్తకం వాళ్ళు పట్టుకెళ్ళండి. ఉత్తినే. మిగతా పేజీలన్నీ అందులోనే ఉన్నాయి." బ్లాకు, వీధి, బిల్డింగు, అంతస్తు అన్నీ చెప్పింది.

శుక్రవారం పొద్దుటినుంచి ఇంట్లో పెళ్ళి హడావిడి. పుస్తకాలు హాలంతా వరసలుగా పేర్చారు. యాభై మందికి పులిహోర, మూడు ఫ్లాస్కుల టీ. నాలుగైంది. అయిదైంది. తలుపు చప్పుడైతే పరుగెత్తింది. తీరా చూస్తే చెత్త తీసుకెళ్ళేవాడు. ఏడింటికి వీరభద్రరావు ఏం మాట్లాడాలో తెలియక మూడు ప్లేట్ల పులిహోర తిన్నాడు. ఒక్కడూ రాలేదు. ఒక్క పురుగు కూడా రాలేదు!

కనకవల్లి స్నానాలగదిలోకి వెళ్ళి కొళాయి తిప్పుకుని ఏడ్చింది. ఏడ్చాక కోపం వచ్చింది. కళ్ళు తుడుచుకోకుండానే లైవ్ పెట్టింది.

"వినడానికి రెండు వేల చెవులున్నాయి, రావడానికి ఒక్క కాలు లేదా మీకు? ఊరికే వచ్చేది కదా, చులకనే. మీకు కావాల్సింది కాలక్షేపం, పుస్తకం కాదు. ఇంక చదవను. ఖలాస్!"

నిత్య వచ్చి ఫోను లాక్కునేసరికి జరగాల్సింది జరిగిపోయింది. కామెంట్లలో ఎవరూ ఎదురు చెప్పలేదు. అది చూసి ఆవిడకి ఇంకా మండింది.

శనివారం మధ్యాహ్నం తిరుపాలమ్మ మెసేజి వచ్చింది. ఎప్పటిలాగా గలగలా లేదు గొంతు.

"ఏందిమ్మా, అంత మాటంటివి? రాకపోయేదేంది? మా తమ్ముడు గంగాధర్ ఈడ్నే డ్రైవరు. వాడూ, వాని రూము పిల్లోళ్ళూ, ఇరవై ఏడు మంది వచ్చినారు. ఇస్త్రీ గుడ్డలేసుకొని, సెంటు గూడా కొట్టుకొని వచ్చినారు. మీ గేటు కాడ కాపలా ఉండే హారిసు, ఇది ఫ్యామిలీ బిల్డింగు, బ్యాచిలర్లు పైకి పోగూడదని కింద్నే ఆపేసినాడు. గంటసేపు ఎండలో నిలబడి ఎనిక్కి పోయినారు. కామెంటులో రాయండిరా అంటే, పెద్దింటామె, ఆమె బిల్డింగులో మనం గలాటా జేస్తే ఆమెకే మాట వస్తాదిక్కా అన్న్యారు. రాత్రి నీ తిట్లు విని అన్నం గూడా తిన్ల్యా వాళ్ళు."

కనకవల్లి సిగ్గుపడుతూ ఆ మెసేజి వీరభద్రరావుకి వినిపించింది.

"అవును మరి, బ్యాచిలర్లని పైకి రానివ్వరుగా," అన్నాడు వీరభద్రరావు.

"మీకు ముందే తెలుసా?"

"అందరికీ తెలిసిందేగా!"

"మరి నోట్లో బెల్లం పెట్టుకున్నారా అప్పుడు?"

"నాకు తట్టలేదే. నీకు మాత్రం తట్టిందా?"

అదీ నిజమే. బ్యాచిలర్లకి ప్రవేశం లేదని కింద గోడకున్న బోర్డు ముందునుంచే పద్దెనిమిదేళ్ళుగా లిఫ్టెక్కుతోంది. ఎన్నడూ తనని ఆపనిది ఇంకొకర్ని ఆపుతుందని ఎందుకు గుర్తుంటుంది? గంగాధర్‌కి పెళ్ళయి పన్నెండేళ్ళు, ఇద్దరు పిల్లలు. అయినా పెళ్ళాం రాయచోటిలో ఉంటే కువైట్ లెక్కలో వాడు బ్యాచిలరే.

విసురుగా కిందికి దిగింది. హారిస్ సిరాజ్, బంగ్లాదేశ్ నుంచి వచ్చి పదేళ్ళుగా అక్కడ కాపలా ఉంటున్నవాడు, ఆవిడ నడక చూడగానే లేచి నిలబడ్డాడు.

"క్యా కరూఁ మేడమ్? ఓనర్‌కా హుకుమ్," అని చేతులు కట్టుకున్నాడు. "మేరా అప్నా భాయ్ కో భీ ఊపర్ నహీఁ ఆనే దేతా."

సొంత తమ్ముణ్ణే మెట్లెక్కనివ్వలేనివాడితో ఏం పోట్లాడుతుంది? మిగిలిపోయిన పులిహోర ఒక డబ్బా నిండా తెచ్చి వాడి చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం లైవ్‌లో కనకవల్లి ఏ పేజీ చదవలేదు. "తప్పు నాది," అంది. "మీరొచ్చారు. నా గుమ్మం దాకా రానివ్వలేదు. నాకు ఆ మాత్రం ఆలోచన లేకపోయింది. తెలుసుకోకుండా నోరు పారేసుకున్నాను. చిన్నవాళ్ళయినా సరే, క్షమించమని అడుగుతున్నాను. మీరు నా ఇంటికి రాలేకపోతే నేనే మీ దగ్గరికొస్తాను. వచ్చే శుక్రవారం సాల్మియా సముద్రం ఒడ్డున, పెద్ద పార్కింగు పక్కన పచ్చికలో ఉంటాను. అక్కడ ఏ హారిసూ ఉండడు. యల్లా, అందరూ రండి."

"పోలీసులేమన్నా అంటారేమో," అని వారమంతా నసిగాడు వీరభద్రరావు. నసుగుతూనే శుక్రవారం అట్టపెట్టెలన్నీ కారులోకెక్కించాడు. సిరాజ్ తన తోపుడుబండి తెచ్చి మూడుసార్లు పైకీ కిందికీ తిరిగాడు.

ఆ సాయంత్రం చూసి తీరాల్సిందే! నాలుగు కాకుండానే పచ్చిక నిండిపోయింది. అందరూ ముందు బెరుగ్గా దూరంగా నిలబడ్డారు. చివరికి బక్కపల్చటి మనిషొకడు, నీలం చొక్కా నలగకుండా టక్ చేసుకుని, ముందుకొచ్చి నమస్కారం పెట్టాడు.

"నేనేమ్మా గంగాధర్‌ని. మా యక్క ఈ పొద్దు రాల్యా, దానికి నెలకొక శుక్రవారమే లీవు. ఆ బావి పుస్తకం మాత్రం మరిచిపోకుండా తెమ్మనింది."

కనకవల్లి ఆ నవల వాడి చేతిలో పెడుతూ మళ్ళీ క్షమించమనబోయింది. "అదంతా మరిచిపోమ్మా. మాయమ్మ గూడా అట్లే తిడతాది," అన్నాడు గంగాధర్. అంతే, అందరూ నవ్వేశారు. ఇంకెవరికీ బెరుకు లేదు.

ఒకాయన అన్నిటికంటే లావుపాటిది ఏరుకున్నాడు. "నేను అబ్దలీ తోటల్లో పంజేస్తాండా మ్మా. టౌనుకి నెలకొకసారి వచ్చేది. సన్నదైతే నాలుగు దినాల్లో అయిపోతాది," అన్నాడు. హోటలు వంటవాడు హుస్సేన్ వలి హాస్యకథలే కావాలని పట్టుబట్టాడు. చదివి చాలా ఏళ్ళయిందని ఒకామె అక్కడే గట్టు మీద కూర్చుని, పెదాలు కదుపుతూ మొదటి పేజీ చదివి చూసుకుని, వచ్చిందని నవ్వుకుని పుస్తకం సంచిలో వేసుకుంది. పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినిపించే వేళకి పెట్టెల్లో అట్టముక్కలు తప్ప ఏమీ మిగల్లేదు. నాలుగు వందల పన్నెండూ వెళ్ళిపోయాయి. మగవాళ్ళు ఇంకో రూములో వాళ్ళ కోసమని, ఆడవాళ్ళు పక్కింటి పనమ్మాయి కోసమని రెండేసి, మూడేసి పట్టుకెళ్ళారు.

"గెలిచావు వల్లీ," అన్నాడు వీరభద్రరావు, కారు తీస్తూ. ఆవిడ అవునంది. గెలిచిన సంతోషం ఇంటికొచ్చి ఖాళీ బీరువాలు చూసేదాకా ఉంది.

ఫర్వానియా ఇంటికి మారాక పది రోజులు సామాను సర్దుకోవడంతో సరిపోయింది. పదకొండో రోజు సాయంత్రం అలవాటు చొప్పున ఫోను తీసి, చెయ్యి పక్కకి చాచింది. అక్కడ గోడ ఉంది. కూతురి పెళ్ళి చేసి పంపినట్టుందనుకుంది, అంతలోనే, ఛ, ఆ పోలికేమిటి, ఈ కూతుళ్ళు ఇంకెప్పుడూ రారు కదా అనుకుని దిగులు పడిపోయింది. చదివేవాళ్ళ చేతుల్లోనే ఉన్నాయి, తను కోరుకున్నదే జరిగింది. అయినా ఇంట్లో ఒక్క పుస్తకమైనా లేకుండా ఎప్పుడూ బతకలేదావిడ. ఒక్కటి దాచుకుని ఉంటే ఏం పోయేది? పేజీలో నాలుగు ముక్కలు రాసింది. "పుస్తకాలన్నీ మీ దగ్గరికి చేరాయి. నా దగ్గర చదవడానికి ఏమీ లేదు. ఇన్నాళ్ళూ విన్నందుకు మీకందరికీ నమస్కారం."

దానికి తిరుపాలమ్మ పంపిన జవాబు ఒక్కటే. "ఇంటి అడ్రసు పెట్టుమ్మా."

శుక్రవారం మధ్యాహ్నం గంట మోగింది. తలుపు తీస్తే నల్లటి, పొట్టి ఆడమనిషి. తలకి గుడ్డ, భుజానికి సంచి. వెనక గంగాధర్. వాడి వెనక మెట్ల నిండా మనుషులు, కింది అంతస్తు దాకా. ఈ ఫర్వానియా బిల్డింగులో ఎవరు ఎవరింటికి వెళ్తున్నారో అడిగేవాడు లేడు.

"నేనేమ్మా, తిరుపాలమ్మని," అంది ఆవిడ, చెప్పులు విప్పుతూ. "ఫొటోలో లావుగా ఉంటివే! సరే, ఇంద, నీ పుస్తకం. అత్తదేం తప్పు ల్యా. ఆ కోడల్ది మిడిసిపాటు. నువ్వు ఆ ఒక్క పేజీ చదివి నన్ను మోసం జేస్తివి."

"పుస్తకం మీకే ఇచ్చేశాను కదా తిరుపాలమ్మగారూ, మళ్ళీ తెచ్చారేం?"

"సదివేసినంక నేనేం జేసుకునేది? పచ్చడేసుకునేదా?" అంది తిరుపాలమ్మ. "తలా ఒగటి పెట్టుకొని కూచుంటే తలా ఒగటే సదువుతాం. అందురూ ఒక తావ పెడితే అందురూ అన్నీ సదువుతారు. ఆ తావ నీ ఇల్లే గదా!"

నెల తిరక్కుండానే వాళ్ళు చదివేసిన పుస్తకాలు సంచుల్లోంచి దిగసాగాయి. కొన్నిటికి పాత పేపరు అట్టలేశారు. ఒకదానికి బిర్యానీ వాసన. హాలులో దారి లేకుండా పోయింది. వీరభద్రరావు మంచం మీద కాళ్ళు పైకి పెట్టుకుని, "ఇవన్నీ ఎక్కడ పెడతావే?" అన్నాడు దిక్కుతోచక.

ఆ దిగులు ఎక్కువసేపు పడాల్సిన అవసరం లేకపోయింది. దించినవాళ్ళే ఒకరి భుజం మీంచి ఒకరు చూస్తూ, "అది నాకీ", "నేను ముందు చెప్పినా", "దాంట్లో ఆఖర్న సచ్చిపోతాడు, నువ్వు తీస్కోవద్దు" అని వాదులాడుకుంటూ తలా ఒకటి ఎత్తుకోవడం మొదలుపెట్టారు. కనకవల్లి టీ పెట్టి తెచ్చేలోపు గుట్టలు సగమయ్యాయి. సాయంత్రమయ్యేసరికి నేల కనబడింది. మూలన ఏడు పుస్తకాలు మాత్రం మిగిలాయి. ఎవరూ వాటిని ముట్టుకోలేదు. అట్టలు కొత్తగా ఉన్నాయి. కనకవల్లి వంగి చూసింది.

"ఇవి నావి కావే. ఎవరో పొరపాటున వదిలేశారు, గంగాధర్!"

"పొరపాటు కాదుమ్మా," అన్నాడు గంగాధర్, తలొంచుకుని. "మా రూములో అయిదుగురు ఊరికి పోయొచ్చినారు. నువ్వు చదివినవి కాకుండా కొత్తవి తెండిరా అని చెప్పింటిమి. సామాన్లో బరువెక్కువైతే నిమ్మకాయ ఊరగాయ తీసేసినాడంట ఒకడు."

"ఆ ఏడూ నీవి," అంది తిరుపాలమ్మ. "చదవడానికి ఏమీ ల్యా అని రాస్తివి గదా, మాకు అన్నం దిగల్యా. మేం ఇంకా తెరవను గూడా తెరవల్యా. నువ్వు సదివినాకే మాకు."

కనకవల్లి ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ముక్కు చీదుకుంది. ఏడూ ఒళ్ళో పెట్టుకుని అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. ఫోను ఎక్కడుందో కూడా చూసుకోలేదు. పై పుస్తకం తీసి, మొదటి పేజీ తెరిచి, తనకోసం తను చదువుకోవడం మొదలుపెట్టింది. తిరుపాలమ్మ వంటింట్లోకి వెళ్ళి టీ గ్లాసులు కడుగుతూ, మెట్లు దిగేవాళ్ళని చప్పుడు చెయ్యకుండా పొమ్మని కసిరింది.